కారు స్టీరియో పోయిందా? కొత్తది ఆర్డర్ పెట్టే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ కొంచెం నా పరువు తీసేదే. అయినా చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు చేయబోతున్న వాళ్లు మీలో కొందరైనా ఉంటారు.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. నీలం రంగు ఫ్యూజు. 15 యాంప్స్. షాపులో పది రూపాయలు. ఇది మార్చాల్సిన చోట నేను 11,800 రూపాయలు పెట్టాను. పోనీ దాంతో పని అయిందా అంటే, కాలేదు. ఆ సోమవారం పొద్దున నాన్న కారు స్టార్టే కాలేదు, ఆయన ఉప్పల్ నుంచి ఆటోలో డ్యూటీకి వెళ్లారు.

అసలేం జరిగిందంటే. మా నాన్నది 2013 హ్యాచ్‌బ్యాక్. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియోనే ఉంది అందులో. ఎఫ్ఎం, సీడీ, ఒక యూఎస్‌బీ పోర్టు, అంతే. నాన్న వినేది కూడా ఒక్కటే, 102.8 వివిధ్ భారతి. మా ఇంట్లో కారు ఎక్కడం అంటే పాత పాటలు ఎక్కడం అన్నమాట. ఒక రోజు నేను కారు తీసుకెళ్లి తెచ్చాను. మర్నాడు చూస్తే స్టీరియోలో లైటు లేదు, సౌండు లేదు, నొక్కితే ఏ బటనూ పలకదు. "ఏరా, ఏం చేశావు దాన్ని?" అన్నారు నాన్న. నేనేం చేయలేదు, పన్నెండేళ్ల పాత సెట్టు కదా, టైమ్ అయిపోయింది అన్నాను. వెంటనే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో ఆర్డర్ పెట్టాను, 9,500. ఫ్రేము, కప్లరు కలిపి 800. బిగించినందుకు ఒక షాపులో 1,500. షాపు పేరు చెప్పను, మీరు అడగొద్దు.

స్క్రీన్ వెలిగింది, మ్యాప్స్ వచ్చాయి, నేను హీరో. ఇది శనివారం సాయంత్రం మాట. నాన్న వివిధ్ భారతి పెట్టమన్నారు. రాలేదు. 98.3 వస్తోంది, 93.5 వస్తోంది, 101.9 రెయిన్‌బో కూడా వస్తోంది, 102.8 మాత్రం గరగర. సరే తర్వాత చూద్దాం అన్నాను. ఇక సోమవారం పొద్దున బ్యాటరీ చచ్చి కూర్చుంది.

ఈ మూడు ముక్కలకీ, అంటే పాత సెట్టు చావుకీ, 102.8 రాకపోవడానికీ, బ్యాటరీ దిగిపోవడానికీ, మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. ఒక్కటి కూడా పాత సెట్టు తప్పు కాదు. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, పాత సెట్టు ఎంతకో అంతకు అమ్మేద్దామని కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన టేబుల్ మీదున్న 12 వోల్టుల సప్లైకి రెండు వైర్లు తగిలించారు. సెట్టు పెళపెళలాడుతూ పాడటం మొదలెట్టింది! "ఇది బతికే ఉంది బాబూ, కారులో ఏదో చచ్చింది, చూసుకో పో" అన్నారు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అప్పుడు ఇంటికొచ్చి కూర్చుని నేర్చుకున్నదే ఈ ఎపిసోడ్ అంతా.

మొదట అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, "రేడియో పోయింది" అనేది ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాంటిది. డ్యాష్‌బోర్డులో కనిపించే ఆ డబ్బాకి కరెంటు లోపలికి రావాలి, యాంటెన్నా నుంచి సిగ్నల్ లోపలికి రావాలి, సౌండు స్పీకర్ల దాకా బయటికి పోవాలి. ఈ మూడు దారుల్లో ఎక్కడ తెగినా మనకి కనిపించేది ఒకటే, రేడియో పలకట్లేదు. డబ్బా మార్చాలా బాగుచేయించాలా అనే ప్రశ్న, ఆ డబ్బాయే పోయిందని తేలాక అడగాల్సిన ప్రశ్న. మనం అందరం దాన్ని ముందే అడిగేస్తాం.

కరెంటు సంగతి చూద్దాం. స్టీరియోకి 12 వోల్టులు ఒక వైరులో కాదు, రెండు వైర్లలో వస్తాయి. చాలామందికి తెలియని పాయింటు ఇదే. బయట కొనే సెట్లలో పసుపు రంగు వైరు ఎప్పుడూ బ్యాటరీతో కలిసే ఉంటుంది, తాళం తీసేసినా సరే. గడియారం, మీరు సేవ్ చేసుకున్న స్టేషన్లు గుర్తుండేది దానివల్ల. ఎర్ర వైరులో మాత్రం తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది. దీన్ని యాక్సెసరీ లైను అంటారు. "కారు ఆన్ అయింది, నువ్వూ లే" అని సెట్టుకి చెప్పే వైరు అది. నల్లది ఎర్తు. కంపెనీ సెట్లలో రంగులు వేరుగా ఉండొచ్చు, పని మాత్రం ఇదే.

ఇప్పుడు లక్షణాలు చూసి మనమే చెప్పొచ్చు. సెట్టు పనిచేస్తోంది కానీ తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు చెరిగిపోతున్నాయా? పసుపు వైరుకి కరెంటు లేదు, లేదా పసుపూ ఎరుపూ ఒకదాని చోట ఒకటి కలిపేశారు. సెట్టు అసలు లేవట్లేదా? చాలాసార్లు ఎర్ర వైరు దారిలో ఫ్యూజు కొట్టేసి ఉంటుంది.

ఫ్యూజు బాక్సు సాధారణంగా స్టీరింగ్ కింద ఒకటి, బానెట్ కింద ఒకటి ఉంటాయి. మూత వెనక బొమ్మ ఉంటుంది. లేకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, మీ కారు మోడల్ పేరు కొడితే పీడీఎఫ్ ఫోన్‌లోనే దొరుకుతుంది. అందులో రేడియో, ఆడియో, యాక్సెసరీ, లైటర్ ఇలాంటి మాటలు వెతకండి. లైటర్ అని ఎందుకన్నానంటే, చాలా కార్లలో సిగరెట్ లైటర్ సాకెట్‌కీ స్టీరియో ఎర్ర వైరుకీ ఒకటే ఫ్యూజు. మా కారులో జరిగింది సరిగ్గా అదే. ముందురోజు నేను ఆ సాకెట్‌లో రోడ్డు మీద కొన్న 150 రూపాయల మొబైల్ చార్జర్ గుచ్చాను. కాసేపటికి అది పనిచేయడం మానేసింది. చవకది, పోయిందిలే అనుకుని పారేశాను. చార్జర్, స్టీరియో ఒకే రోజు ఎలా చస్తాయి అని నా బుర్రకి తట్టలేదు! అందుకే మొదటి పరీక్ష ఇది: స్టీరియోతో పాటు ఇంకేం పనిచేయట్లేదో చూడండి. లైటర్ సాకెట్, కారు లోపలి లైటు, అద్దాల స్విచ్చి. రెండు కలిసి పోయాయంటే తప్పు డబ్బాలో లేదు.

ఫ్యూజు తీసి వెలుతురులో పట్టుకుంటే లోపలి తీగ తెగిందో లేదో కనిపిస్తుంది. అనుమానం ఉంటే మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టండి, బీప్ రావాలి. స్టీరియో వెనక కూడా ఒక ఫ్యూజు ఉంటుంది, అది మర్చిపోవద్దు. కొత్తది వేసేటప్పుడు అదే రేటింగు వేయాలి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 యాంప్స్. 15 కొట్టేసిందని 30 వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, ఇవన్నీ కారు తగలబెట్టుకునే పద్ధతులు. ఫ్యూజు ఎందుకు ఉందంటే వైరు కాలకముందు తను కాలడానికి. కొత్తది వేయగానే మళ్లీ కొట్టేసిందా, ఎక్కడో షార్టు ఉంది. అక్కడ ఆగి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.

మరి మా కొత్త సెట్టు ఫ్యూజు లేకుండానే ఎలా వెలిగింది అని కొందరికి డౌట్ వచ్చి ఉంటుంది. మంచి డౌటు. షాపులో కుర్రాడు మీటరు పెట్టి చూశాడు, ఎర్ర వైరులో కరెంటు లేదు. ఎందుకు లేదు అని వెతకలేదు. ఎర్ర వైరుని తీసి పసుపు వైరుతో కలిపి మెలేసి టేపు చుట్టేశాడు. అంటే ఆ సెట్టు దృష్టిలో కారు ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంది. స్క్రీన్ మనం ఆపినా లోపల ఆండ్రాయిడ్ మేలుకునే ఉంటుంది. చిన్న కార్లలో బ్యాటరీ చాలావరకు 35 ఆంపియర్ అవర్స్. గంటకి అర యాంపు తాగినా ఒకటిన్నర రోజులో 18 పోతుంది. సగం ఖాళీ అయిన పాత బ్యాటరీ స్టార్టర్‌ని ఏం తిప్పుతుంది?

సరే, కరెంటు బాగానే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, ఎఫ్ఎం మాత్రం గరగర. ఇది రెండో రకం. ముందు లైటర్ సాకెట్‌లో ఉన్న చార్జరు, డ్యాష్‌క్యామ్ పీకేసి చూడండి. నవ్వకండి. చవక చార్జర్ లోపల కరెంటుని సెకనుకి వేలసార్లు కోస్తూ ఉంటుంది, ఆ గోల ఎఫ్ఎం బ్యాండు మీద పడుతుంది. పీకగానే స్టేషన్ తేటపడిందంటే మీకు కావాల్సింది మంచి చార్జరు, కొత్త రేడియో కాదు. గరగర కాకుండా, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కీచుమనే శబ్దం పెరుగుతోందా? అది ఎక్కువగా ఎర్తు సరిగ్గా బిగియకపోవడం.

చార్జరు పీకినా గరగర పోకపోతే కారు దిగి పైకప్పు చూడండి. యాంటెన్నా రాడ్ ఉందా? కార్ వాష్‌లో తీసి డిక్కీలో పడేసి మర్చిపోవడం చాలా మామూలు. ఉంటే మర తిప్పి గట్టిగా బిగించండి. దాని కింద రబ్బరు పగిలితే వాన నీళ్లు లోపలికి దిగి తుప్పు పడుతుంది. రేడియో మంచిదో కాదో తేల్చడానికి ఒక చిట్కా ఉంది: సెట్టు బయటికి తీశాక, యాంటెన్నా ప్లగ్గు పీకి, ఆ రంధ్రం మధ్యలో 75 సెంటీమీటర్ల మామూలు వైరు ముక్క గుచ్చి నిలబెట్టండి. ఎఫ్ఎం తరంగం పొడవు దాదాపు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. అందుకే ఆ కొలత. దగ్గరి స్టేషన్లు దానికి వచ్చేశాయంటే రేడియో నిక్షేపంగా ఉంది, తప్పు యాంటెన్నాది లేదా మధ్య కేబుల్‌ది.

మూడోది సౌండు. డిస్‌ప్లేలో స్టేషన్ నంబరు మారుతోంది, వాల్యూమ్ బారు కదులుతోంది, చప్పుడు మాత్రం లేదు. ఒక వైపే లేకపోతే అది దాదాపు స్పీకరో వైరో. డోరు తెరిచి మూసే చోట రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, అందులో వైర్లు ఏళ్ల తరబడి వంగి వంగి తెగుతాయి. డోరు ఊపితే సౌండు వచ్చి పోతోందంటే అక్కడే. స్పీకర్ని టీవీ రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్లుతో పరీక్షించొచ్చు. స్పీకర్ వైర్లు సెట్టు నుంచి పూర్తిగా విప్పేసి, రెండు కొసలూ సెల్లుకి ఒక్క క్షణం తాకించండి. టక్‌మంటే బతికే ఉంది. అన్ని వైపులా సౌండు లేకుండా డిస్‌ప్లేలో 'ప్రొటెక్ట్' అని వస్తుంటే, ఏదో ఒక స్పీకర్ వైరు కారు బాడీకి తగులుతూ ఉండొచ్చు. ఈ సెట్లలో స్పీకర్ మైనస్ వైరు కూడా బాడీకి తగలకూడదు. తగిలితే లోపల ఆంప్లిఫైయర్ తనని తాను కాపాడుకోడానికి నోరు మూసుకుంటుంది. స్పీకర్లన్నీ విప్పేసి ఆన్ చేసినా ప్రొటెక్ట్ పోలేదా? అప్పుడు మాత్రం డబ్బా లోపలే తేడా ఉంది.

ఇంకో సంగతి, ఇది పాత కార్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి. బ్యాటరీ మార్చాక స్టీరియో 'కోడ్' అనో 'సేఫ్' అనో చూపించి మొరాయిస్తే అది చెడిపోలేదు. దొంగతనం భయంతో పెట్టిన తాళం అది. కోడ్ కార్డు మాన్యువల్ సంచిలో ఉండొచ్చు. లేకపోతే సెట్టు మీది సీరియల్ నంబరు, బండి కాగితాలు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కోడ్ తెలుసుకోవచ్చు. ఊహించి నంబర్లు కొట్టకండి, కొన్ని తప్పులయ్యాక ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

సరే, ఇవన్నీ చూశారు. తప్పు డబ్బా లోపలే అని తేలింది. బాగుచేయించాలా, మార్చాలా?

ఇక్కడ నేను డబ్బుల లెక్క కంటే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: ఆ డబ్బా కారులో ఇంకేం పనులు చేస్తోంది? పాత కారులో అది పాటలు పాడుతుంది, అంతే. 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సింగిల్ డిన్, 10 ఎత్తు ఉంటే డబుల్ డిన్. డిన్ అంటే జర్మనీ స్టాండర్డ్స్ సంస్థ పేరు, ఆ కొలత అక్కడి నుంచి వచ్చింది. ఈ కొలతల్లో ఉన్న సెట్టుని తీసి ఏ కంపెనీదైనా పెట్టుకోవచ్చు. కొత్త కార్లలో అలా కాదు. అదే స్క్రీన్‌లో రివర్స్ కెమెరా, ఏసీ కంట్రోల్, డోర్ లాక్ సెట్టింగులు, స్టీరింగ్ బటన్లు, కొన్నిట్లో సర్వీస్ రిమైండర్ కూడా. దాన్ని పీకి పదివేల సెట్టు పెడితే పాటలు వస్తాయి, మిగతావి పోతాయి. అలాంటి కారైతే నా ఓటు బాగుచేయించడానికే, కాస్త ఖర్చు ఎక్కువైనా. వారంటీలో ఉంటే అసలు స్క్రూడ్రైవర్ తాకించొద్దు.

రేడియో కారులో ఎంత లోతుకి దిగిపోయిందో చెప్పడానికి ఒక నిజం కథ. 2022 జనవరిలో అమెరికా సియాటెల్ దగ్గర, మన తెలుగువాళ్లు వీధికొకరు ఉండే ఏరియాలోనే, 2014 నుంచి 2017 మధ్య మోడల్ మాజ్దా కార్లలో కొన్నిటి స్క్రీన్లు ఒక్కసారిగా పిచ్చెక్కాయి. ఆగి ఆగి రీస్టార్ట్ అవుతూనే ఉన్నాయి, రేడియో 94.9 దగ్గర ఇరుక్కుపోయింది. అందరూ వింటున్నది ఒకటే స్టేషన్, కేయూఓడబ్ల్యూ అనే పబ్లిక్ రేడియో. అక్కడి డిజిటల్ రేడియోలో పాటతో పాటు బొమ్మలు కూడా పంపుతారు. ఆ స్టేషన్ పంపిన బొమ్మల ఫైలు పేర్లలో చివర ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్ లేదు. మన ఫోన్‌లో డాట్ జేపీజీ అని ఉంటుందే, అది. అది చూసి కార్ల బుర్ర తిరిగిపోయింది. రేడియోతో పాటు బ్లూటూత్, మ్యాప్స్, రివర్స్ కెమెరా కూడా దెబ్బతిన్నాయి. మార్చాల్సిన పార్టు ఖరీదు దాదాపు 1,500 డాలర్లు, అదీ స్టాకు లేదు. చివరికి ఓనర్ల తరఫున గుడ్‌విల్ కింద తమకి రిక్వెస్టు పంపమని కంపెనీ డీలర్లకి చెప్పింది. అక్కడ ఏ మెకానిక్ టంకం పెట్టినా ఉపయోగం లేదు, పోయింది సాఫ్ట్‌వేర్. కాబట్టి స్క్రీన్ ఉన్న సెట్టు తిక్కగా ప్రవర్తిస్తే, ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలాగి పెట్టడం, ఫ్యాక్టరీ రీసెట్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రయత్నించండి. ఆ తర్వాతే విప్పడం.

పాత సెట్లలో బాగుపడేవి ఏవంటే: వాల్యూమ్ తిప్పితే పైకీ కిందకీ గెంతే నాబు, సీడీ చదవని లెన్సు, విడిపోయిన టంకం, ఉబ్బిన కెపాసిటర్లు, ఊడిన యూఎస్‌బీ పోర్టు. సౌండు ఐసీ పోయినా సరే, చాలా సెట్లలో మామూలుగా దొరికే రకమే ఉంటుంది, తీసి కొత్తది వేస్తారు. ఇలాంటి పనులు వందల్లోనో, మహా అయితే వెయ్యీ పదిహేను వందల్లోనో అయిపోతాయి. హైదరాబాద్‌లో అయితే గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, విజయవాడలో అయితే ఆటోనగర్‌లో అడిగితే ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు. మీ ఊళ్లో పాత టీవీలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే మనిషి ఉంటే ఆయనా చేయగలడు. మన నగరాల్లో ఇంకా ఆ చేతులు ఉన్నాయి, అది అదృష్టం. కానీ సెట్టు నీళ్లలో మునిగి బోర్డు పచ్చబడిపోయినా, డిస్‌ప్లే పగిలి ఆ డిస్‌ప్లే ఎక్కడా దొరకకపోయినా, ఒకసారి బాగుచేశాక అదే తప్పు మూడు నెలల్లో మళ్లీ వచ్చినా, ఇక వదిలేయండి. నా సొంత కొలత ఒకటుంది: బాగుచేయడానికి అడిగింది కొత్త సెట్టు, ఫ్రేము, కప్లరు, బిగింపు అన్నీ కలిపిన ధరలో సగం దాటితే మార్చేస్తాను. అందరూ సెట్టు ధరతోనే పోలుస్తారు, అక్కడే మోసపోతారు.

రిపేరుకి ఇచ్చే ముందు "చూసినందుకు ఎంత, చేస్తే ఎంత" రెండూ అడగండి. తీసేసిన పార్టు మీకు ఇవ్వమనండి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా మొదలుపెట్టింది, ఫోన్లతో పాటు వాహనాల సంగతీ అందులో ఉంది. మాన్యువల్, సర్వీస్ సమాచారం వెతికేటప్పుడు ఒకసారి అదీ చూడండి.

బ్లూటూత్ లేదనే ఒక్క కారణంతో మార్చాలనుకునేవాళ్లు మీలో చాలామంది ఉంటారు, నాకు తెలుసు. పాత సెట్టుకి ఆక్స్ రంధ్రం ఉంటే మూడు నాలుగు వందల బ్లూటూత్ రిసీవర్ చాలు. అది కూడా లేకపోతే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. క్వాలిటీ అంత బాగుండదు, ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కోవాలి, అయినా పనవుతుంది.

మార్చాలనే తేల్చుకుంటే, ఒక్క మాట మాత్రం పట్టుబట్టండి: కారు వైర్లు కోయనివ్వొద్దు. మీ మోడల్‌కి సరిపడే కప్లర్ కొంటే ప్లగ్గుకి ప్లగ్గు కూర్చుంటుంది, రేపు పాత సెట్టు వెనక్కి పెట్టాలన్నా పెట్టొచ్చు. కోసి మెలేసి టేపు చుట్టిన జాయింటు మన ఎండకి జిగురు కరిగి ఊడుతుంది. బిగించిన వెంటనే తాళం తీసి చూడండి. సెట్టు తనంతట తను ఆరిపోవాలి. ఆరలేదంటే మా నాన్న కారు కథే మీకూ. చాలా ఆండ్రాయిడ్ సెట్లలో స్లీప్ మోడ్ ఉంటుంది, త్వరగా ఆన్ అవ్వడానికి. కారు రోజూ తీయనివాళ్లు దాన్ని ఆపేయండి.

కొత్త సెట్టు పెట్టాక ఎఫ్ఎం బలహీనమైందా? పైకప్పు మీది పొట్టి యాంటెన్నాల అడుగున చాలావాటిలో చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి 12 వోల్టులు కావాలి. పాత సెట్టు అది పంపేది. కొత్తదాని నీలం వైరు దానికి కలపాలి, బిగించేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది అదే. కొన్ని కార్లకి మధ్యలో ఒక అడాప్టర్ కూడా కావాలి.

ఇక 102.8 రహస్యం. ఆండ్రాయిడ్ సెట్టు రేడియో సెట్టింగుల్లో 'రీజియన్' అని ఉంటుంది. మాది అమెరికాలో పెట్టి వచ్చింది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్ల చివరి అంకె ఎప్పుడూ బేసి సంఖ్యే, 88.1, 88.3 ఇలా. కాబట్టి సెట్టు 102.7కి వెళ్తుంది, అక్కడి నుంచి 102.9కి దూకుతుంది, మధ్యలో వివిధ్ భారతి ఉందని దానికి తెలియదు. 98.3, 93.5, 101.9 బేసివే కాబట్టి హాయిగా వచ్చాయి. నేను వినేవన్నీ వచ్చాయి, నాన్న వినే ఒక్కటే రాలేదు! మీడియం వేవ్‌లో కూడా ఇదే తంటా. అమెరికాలో 10 కిలోహెర్ట్జ్ అడుగులు, మన దగ్గర 9. హైదరాబాద్ కేంద్రం 738, అమెరికా లెక్కలో 730 తర్వాత 740 వస్తుంది. రీజియన్ యూరప్ అనో ఆసియా అనో మారిస్తే సరిపోతుంది. న్యూజిలాండ్‌లో ఉన్న మన వాళ్లకి దీని అన్న లాంటి సమస్య ఉంది. అక్కడ జపాన్ నుంచి దిగిన సెకండ్ హ్యాండ్ కార్లు ఎక్కువ, పాత జపాన్ రేడియోలు 76 నుంచి 90 దాకానే పడతాయి. దానికి బ్యాండ్ ఎక్స్‌పాండర్ అని చిన్న డబ్బా అమ్ముతారు, అది పెట్టాలి లేదా సెట్టు మార్చాలి.

మా ఇంటి సంగతి చెప్పేస్తాను. పది రూపాయల ఫ్యూజు వేశాను. ఎర్ర వైరు విడదీసి దాని చోట దాన్ని పెట్టించాను. అప్పుడు నాన్నని అడిగాను, కొత్తది ఉంచనా, పాతది పెట్టనా అని. రీజియన్ మార్చి 102.8 వినిపించాను కూడా. ఆయన స్క్రీన్ మీద రెండుసార్లు వేలు పెట్టి, "నడిపేటప్పుడు దీన్ని చూడాల్సి వస్తుందిరా, పాతదానికి నాబు ఉంది, చూడకుండా తిప్పుతాను" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పాతది మళ్లీ ఎక్కింది.

కొత్తది మా ఫ్రెండ్ ఒకడు 6,500కి తీసుకున్నాడు. వాడి సెట్టు నిజంగానే పోయింది, వానల్లో కారులో నీళ్లొచ్చి బోర్డు కుళ్లింది. ఈసారి ఫ్యూజులు చూశాం, పెన్సిల్ సెల్లుతో స్పీకర్లు చూశాం, అప్పుడు మార్చాం. వాడి కారు కప్లర్‌కి ఇంకో 450 అయింది. తాళం తీయగానే స్క్రీన్ ఆరింది. నమ్మకం కుదరక రెండు రోజులు పొద్దున్నే వాడికి ఫోన్ చేసి, కారు స్టార్ట్ అయిందా అని అడిగాను.